తిరుపతిలో మంచి డిస్కు దొరకని రోజు

ఆ రోజుల్లో మా ఇంట్లోకి ఏ వస్తువూ దెబ్బ తినకుండా వచ్చేది కాదు. కుండ కావచ్చు, కొబ్బరికాయ కావచ్చు, పుచ్చకాయ కావచ్చు, చివరికి చెక్క స్టూలైనా కావచ్చు, మా అవ్వ (అమ్మకు అమ్మ) ముందు నిలబడి, ఆమె మెటికలతో రెండు తట్టించుకుని, తన గొంతు వినిపించి, ఆమె తల ఊపాకే గడప దాటేది. సంతలో కుండలవాళ్లు అవ్వ వస్తుంటే చూసి, అనుమానం ఉన్న సరుకును ముందే గోనెపట్టా కిందికి తోసేవాళ్లు. మా నాయన పెళ్లిచూపులకు వచ్చిన రోజు కూడా "దా నాయనా, కూసో" అంటూ ఆయన వీపు మీద రెండు తట్టిందనీ, ఆ సద్దు నచ్చిన తర్వాతే లోపలికి తిరిగి కాఫీ పెట్టమని చెప్పిందనీ మా ఇంట్లో అంటారు. (ఆ రోజు తనకు రొమ్ము పట్టేసి జలుబు ఉందనీ, మోత సరిగా పలకకపోయినా ఎట్లాగో గట్టెక్కాననీ నాయన ఇప్పటికీ చెప్పుకుంటాడు.) అట్లాంటి అవ్వకు నేను మనవరాలిని. ఆమె నుంచి నాకు నగలు రాలేదు, పొలం రాలేదు, మెటికలు వచ్చాయి. చెవి కూడా వచ్చింది. వాటితోపాటే రావలసిన మూడోది, అంటే దేన్ని తట్టాలో దేన్ని తట్టకూడదో తెలిసే వివేకం, పార్సిల్లో ఎక్కడో చిక్కుకుని ఆలస్యంగా అందింది. అది అందేలోపల జరిగిన సంగతి ఇది.

ఇంటర్ పూర్తయి, మార్కుల గురించి ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడని ఒక ఎండాకాలంలో నేను ఏర్పేడు దగ్గర మా మామ షెడ్డులో చేరాను. మామ అంటే అమ్మకు అన్న. గేట్లు, కిటికీ గ్రిల్లులు, మెట్లకు కమ్మీలు, రేకుల కప్పులు చేసేవాడు. నన్ను పెట్టుకున్నది ఫోన్ ఎత్తడానికి. ఏళ్ల తరబడి చెవి పక్కనే ఇనుము కోసే గ్రైండర్ తిరిగి తిరిగి మామ వినికిడి సగానికి సగం పోయింది. "ఇనుము అరగాల్సిన కాడ నా చెవులు అరిగిపాయె" అని నవ్వేవాడు. తనకు వినిపించదు కాబట్టి ఎదుటివాడికీ వినిపించదనుకుని ఆయన ఫోన్లో మాట్లాడే మాటలు, ఫోన్ అవసరం లేకుండానే శ్రీకాళహస్తి దాకా చేరేవి. అందుకని నేను. షెడ్డులో నేను కాక ఇంకొక మనిషి వెల్డింగ్ అన్న. బక్కపలచని మనిషి, చిన్న గీత గీస్తే చాలు భగ్గుమనేవాడు, మరుక్షణమే ఆరిపోయేవాడు. అందరూ అగ్గిపెట్టన్న అనేవాళ్లు.

అమ్మకు ఈ ఉద్యోగం గిట్టలేదు. మా వీధిలో నా ఈడు పిల్లలందరూ పొద్దున్నే శ్రీ సిటీ కంపెనీ బస్సెక్కి వెళ్లేవాళ్లు. "బస్సు ఇంటి ముందరకే వస్తాది. ఆడనే అన్నం పెడతారు. చల్లగా ఏసీలో కూసోని ఫోన్లకు అట్టలు బిగించేది, అంతే. నువ్వు సూస్తే మొగమంతా మసి పూసుకోని వస్తా ఉండావు" అనేది. అమ్మ చెప్పింది అబద్ధం కాదు. కానీ నాకు కాలిన ఇనుము వాసన నచ్చింది. పొద్దున కమ్మీల కట్టగా దిగిన సరుకు సాయంత్రానికి లేచి నిలబడి గేటయి, కీచుమంటూ తెరుచుకోవడం నచ్చింది. ఏసీ గదిలో ఫోనుకు అట్ట బిగిస్తే ఆ ఫోను ఎవరింటికి పోతుందో తెలియదు. ఇక్కడ నేను ఫోనెత్తిన గేటు రోడ్డు మీద పోతుంటే కనబడుతుంది. ఈ మాట అమ్మకు అర్థమయ్యేట్టు చెప్పడం నాకు చేతకాలేదు.

మామ నాకు ఫోన్‌తోపాటు సరుకు గురించీ నేర్పించడం మొదలుపెట్టాడు. గ్రైండర్‌కు బిగించే గుండ్రటి డిస్కుల్లో పలచగా అప్పడంలా ఉండేది కోయడానికి, మందంగా ఉండేది అతుకులు అరగదీయడానికి, రేకులు రేకులుగా పూవులా ఉండేది నునుపు చేయడానికి. కోసే డిస్కును పక్కకు వాల్చి అరగదీయకూడదు, విరిగి ఎగురుతుంది. స్టీలుకు వాడే డిస్కు వేరు, మామూలు ఇనుముకు వాడింది దానికి తాకిస్తే రెండు వానలకే స్టీలు మీద తుప్పు చుక్కలు పొడుస్తాయి. డిస్కు మీద రాసిన వేగం మిషన్ వేగం కంటే తక్కువ ఉండకూడదు. అంచు చిట్లిందా, చెమ్మ తగిలిందా, తేదీ దాటిందా కంటితో చూడాలి. ఇవన్నీ నేను తలూపుతూ విన్నాను. తర్వాత ఒకరోజు బల్లకు బిగించే పెద్ద గ్రైండింగ్ రాయి కొత్తది వచ్చింది. మామ దాని నడిమి కన్నంలోకి వేలు దూర్చి గాలిలో వేలాడదీసి, స్క్రూడ్రైవర్‌ను తిరగేసి చెక్కపిడితో మెల్లగా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"నాకు ఇనపడడంలేదు పాపా. నువ్వు ఇను. మంచి రాయి అయితే గంట మాదిరి ఖంగుమంటాది. లోపల బీట ఉంటే మూగబోతాది. బీట ఉండే రాయి బిగించినామంటే మిషన్ మీద పగిలి మొగానికి వస్తాది" అన్నాడు.

నేను తట్టాను. అవ్వ చెవి నాలో నిద్ర లేచింది. రాయి డబ్బుమంది. ఇంకోవైపు తిప్పి తట్టాను. డబ్. కంటికి చూస్తే ఎక్కడా గీత లేదు, పెళ్లికూతురిలా ఉంది. అయినా "దీంట్లో బీట ఉండాది మామా" అన్నాను. మామ ఆ రాయినీ నన్నూ వెంటబెట్టుకుని తిరుపతిలో మేం సరుకు కొనే షాపుకు వెళ్లాడు. ఆ షాపాయన్ని బోల్టుల పెద్దాయన అంటారు. బోల్టులు, నట్లు, డిస్కులు, కుళాయిలు అమ్మే ఆ షాపులో ఆయన మాటకు ఎదురు ఉండేది కాదు. "కొత్త సరుకప్పా, ఇయ్యాలే దిగినాది, ఈ పాప చెవిని నమ్మి నేను రాయి మార్చాల్నా" అన్నాడు. మామ ఆ రాయిని గుమ్మం ముందర సిమెంటు గట్టుకు ఒక్క పోటు పొడిచాడు. రాయి రెండుగా విడింది. విడిన చోట పాత పగులు కమిలిన రంగులో ఉంది, కొత్త పగులు తెల్లగా మెరిసింది. పెద్దాయన ఆ రెండు ముక్కల్ని అట్లా ఇట్లా తిప్పి చూసి, తర్వాత నన్ను చూసి, "ఏం చెవి పాపా నీది" అన్నాడు. ఆ మాటను నేను ఆ ఎండాకాలమంతా వెంట తిప్పుకున్నాను.

అవ్వకు చెబితే మురిసిపోయింది. మామ "ఇంకమీదట సరుకు నువ్వే తేవాల" అన్నాడు. ఆ తర్వాత నన్ను పట్టడం ఎవరి తరం కాలేదు. షెడ్డులో గొలుసు, సుత్తి, రేకు, నీళ్ల బిందె, ఏది కనబడితే అది తట్టాను. అగ్గిపెట్టన్న హెల్మెట్ పెట్టుకుని ఉండగా తట్టినందుకు ఒకసారి భగ్గుమన్నాడు కూడా. ("లోపల మనిషి ఉండాడు పాపా, ఖాళీ కాదు.") నాకు మాత్రం ఆ మోతల మీద అపారమైన నమ్మకం. తట్టితే చాలు, లోకం తన లోపాలన్నీ నా చెవిలో చెప్పేస్తుందనిపించేది.

అప్పుడు వచ్చింది కల్యాణ మండపం గేటు. రేణిగుంట రోడ్డులో కొత్తగా కట్టిన మండపం. శుక్రవారం మొదటి పెళ్లి, గురువారం మాపటికే మగపెళ్లివాళ్లు దిగుతారు. ఆలోపల గేటు నిలబడాలి. అదే వారం మామకు సూళ్లూరుపేటలో ఒక రేకుల షెడ్డు పని పడింది. అమ్మ కూడా ఆ వారాన్నే పట్టుకుంది. శుక్రవారం శ్రీ సిటీలో మనుషుల్ని తీసుకుంటున్నారట, నన్ను తీసుకుపోయి చేర్పిస్తానంది. మామ అమ్మ ముందు ఒక పందెం లాంటిది పెట్టాడు. "సూడు చెల్లా, నేను ఊర్లో ఉండను. సరుకు తెచ్చేది, గేటు అయ్యేట్టు సూసేది ఈ పాపే. గురువారం మాపటికి గేటు నిలబడితే పాప నా కాడ ఉంటాది. నిలబడకపోతే శుక్రవారం పొద్దన్నే నేనే బస్సు ఎక్కిస్తా." అమ్మ ఒప్పుకుంది. నేను ఎగిరి ఒప్పుకున్నాను. మామ లేకుండా సరుకు ఎంచడమంటే, చెవి ఉన్న మనిషికి అదెంత పని?

బుధవారం పొద్దున మామ సూళ్లూరుపేట వెళ్లాడు. షెడ్డులో డిస్కులు అయిపోయాయి. నేను స్కూటీ మీద తిరుపతి బయలుదేరాను. బ్యాగులో చెక్కపిడి స్క్రూడ్రైవర్ పెట్టుకున్నాను. మామ తట్టమన్నది బల్ల గ్రైండర్ రాయిని. డిస్కుల్ని కంటితో చూడమన్నాడు. కానీ కంటితో ఎవరైనా చూస్తారు. నాలాంటి చెవి పెట్టుకుని కంటితో చూడడం, ఇంట్లో మిక్సీ ఉండగా రోలు దగ్గర కూర్చున్నట్టు అనిపించింది.

బోల్టుల పెద్దాయన నన్ను చూడగానే కుర్చీలోంచి కొంచెం లేచాడు. "దా పాపా, ఏం గావాల" అన్నాడు. కోసే డిస్కులు, అరగదీసేవి అడిగాను. పెట్టె తెచ్చి ముందర పెట్టాడు. ఒక డిస్కు తీసి వేలికి తగిలించి, స్క్రూడ్రైవర్ తిరగేసి, కొట్టాను.

టప్.

ఖంగు లేదు, గంట లేదు. తడి గోడ మీద పిడక కొట్టినట్టు టప్. పక్కన పెట్టి ఇంకొకటి తీశాను. టప్. మూడోది, టప్. పెద్దాయన మొహంలో రంగు తగ్గడం నాకు కనబడుతూనే ఉంది. "ఇంకో పెట్టె తీయండి పెద్దాయనా" అన్నాను, డాక్టరు ఇంకో ఎక్స్‌రే తీయమన్నట్టు. ఇంకో పెట్టె వచ్చింది. అదీ టప్. మందంవి తెప్పించాను. అవి కాస్త లావుగా టప్ అన్నాయి. పెద్దాయన స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని తనే కొట్టి చూశాడు. ఒకవైపు తల వంచి విన్నాడు. "నిజమే పాపా. ఏమీ పలకడంలేదు" అన్నాడు నీరసంగా. అప్పటికే షాపులో నలుగురు చేరారు. కుళాయి కొనడానికి వచ్చినాయన ఒకరు కాసేపు మమ్మల్ని చూసి, చేతిలో ఉన్న కుళాయిని తన ఉంగరంతో తట్టుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆయనకేం వినిపించిందో కానీ, మెల్లగా కౌంటర్ మీద పెట్టేసి వేరేది అడిగాడు.

"అన్నింట్లో బీటలు ఉండాయి పెద్దాయనా" అని తీర్పు చెప్పి నేను లేచాను. అంత పెద్ద మనిషి నా ముందు చేతులు నలుపుకోవడం చూస్తే జాలి వేసింది కూడా. ("పోనీలెండి, మీ తప్పేముంది" అని ఓదార్చినట్టు గుర్తు.)

నాలుగడుగుల దూరంలో ఇంకో షాపు, పైపుల అన్నది. నేను స్కూటీ స్టాండు వేసేలోపలే అక్కడికి ఫోన్ చేరిపోయింది. "ఆ ఏర్పేడు పాప వస్తా ఉండాది. ఆ పాప చెవి మామూలు చెవి కాదు. మొన్న నా రాయిలో బీట పట్టుకునింది. నా సరుకంతా పోయినట్టే ఉండాది, నీది కూడా సూసుకో" అని పెద్దాయన చెప్పాడట. నేను మెట్లెక్కేసరికి పైపుల అన్న ఒక డిస్కును వేలికి తగిలించుకుని రెంచితో కొడుతూ చెమటలు తుడుచుకుంటున్నాడు. "టప్ అంటా ఉండాదక్కా" అన్నాడు. నాకంటే పెద్దవాడు, నన్ను అక్కా అన్నాడు. తల పంకించాను. ఆ పక్క షాపులో నేను తట్టనవసరం కూడా లేకపోయింది. వాళ్లే తట్టుకుని, వాళ్లే పెట్టెలు మూసేసి, చిత్తూరులో ఉన్న డీలరుకు వెనక్కి పంపుతామని ఫోన్ చేస్తున్నారు. అటువైపు డీలరు "మీ ఊర్లో అందరికీ ఒకేసారి ఏమైందప్పా" అని అరవడం బయటికి వినిపించింది. మిట్టమధ్యాహ్నానికి ఆ వీధిలో డిస్కు అనే వస్తువు అమ్మకం ఆగిపోయింది. వీధి మొత్తానికి నా చెవి ఒక్కటే న్యాయస్థానం. నేను గెలిచిన దానిలా, ఖాళీ సంచితో ఏర్పేడు తిరిగి వచ్చాను.

"యాడ డిస్కులు?" అన్నాడు అగ్గిపెట్టన్న.

"తిరుపతిలో ఒక్క మంచి డిస్కు లేదన్నా. అన్నీ బీటలే."

అన్న ఖాళీ సంచిని తిరగేసి దులిపాడు. తర్వాత అంటుకున్నాడు. "తిరుపతి అంతా బీటలా? మరి ఈ ఊర్లో గేట్లన్నీ ఎవురు కోసినారు, ఎలకలు కొరికినాయా? రేపు మాపటికి పెండ్లికొడుకు వస్తాడు పాపా. గేటు లేకుంటే ఆవులు దూరతాయి మండపంలోకి. ఆవులకు పన్నీరు చల్లమంటావా?" అని, యథాప్రకారం ఆరిపోయి, మూల కూర్చుని బీడీ వెతుక్కున్నాడు. "అయినా నీ చెవి తప్పుబోదు. బీట అంటే బీటే. ఏం జేస్తాం. నువ్వు శ్రీ సిటీకి పోతావు, అంతే."

ఆ మాట తగిలింది. అప్పటిదాకా నేను డిస్కుల వైపు నుంచి మాత్రమే ఆలోచించాను. నా వైపు నుంచి ఎవరూ ఆలోచించలేదు, నేను కూడా. సగం అతికిన గేటు నేల మీద పడుకుని ఉంది. దాని పైభాగాన మామ సుద్దముక్కతో గీసిన వంపు కోయడానికి ఎదురుచూస్తోంది. ఎల్లుండి పొద్దున ఈ వాసన ఉండదు, చల్లటి గది ఉంటుంది. ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ, బల్ల మీద ఉన్న చేతి గ్రైండర్ దగ్గరికి వెళ్లాను. దానికి బిగించి ఉన్న డిస్కు అరిగి అరిగి చిన్న అప్పచ్చి అంత అయింది. వారం రోజులుగా ఎన్ని కమ్మీలు కోసిందో, ఒక్క అలక లేకుండా. విప్పి, వేలికి తగిలించి, తట్టాను.

టప్.

ఇంకోసారి తట్టాను. టప్. ఇప్పుడు రెండే దారులు. నిన్నటిదాకా బంగారంలా పనిచేసిన ఈ డిస్కు కూడా బీటదే అయి ఉండాలి, అంటే ప్రపంచంలో ఇప్పటిదాకా తయారైన డిస్కులన్నీ బీటలవే అయి ఉండాలి, లేదా బీట ఇంకెక్కడో ఉండాలి. మెల్లగా తల తడుముకున్నాను.

తుక్కు కుప్పలో విరిగిపోయిన డిస్కు ముక్కలు ఉంటాయి. ఒకటి ఏరి విరిగిన అంచు చూశాను. లోపల దోమతెర లాంటి వల. దారాలు బయటికి వేలాడుతున్నాయి. రాతి పొడిని బంకతో ఆ వలకు పట్టించి ఒత్తేసినట్టు ఉంది. బల్ల మీది పెద్ద రాయిని తట్టాను. ఖంగుమని షెడ్డంతా మోగింది. అది బట్టీలో కాల్చిన సరుకు, అవ్వ కుండలాంటిది. ఇది బంకా బట్టా కలిపిన సరుకు. బట్టను తట్టితే ఏం మోగుతుంది? నేను పొద్దుటి నుంచి తిరుపతి నడివీధిలో చీరలు తట్టి, మోగడంలేదని తిప్పి పంపుతున్నాను. ఇంత చిన్న సంగతి అన్నిసార్లు తట్టిన మనిషికి ఒక్కసారి కూడా తట్టలేదు.

"అన్నా, డిస్కులు మంచివే. మోగేది వాటి గుణం కాదు. పా తిరుపతికి" అన్నాను.

అన్న కదల్లేదు. "పొద్దన బీట అన్నావు, ఇప్పుడు మంచివి అంటావు. శ్రీ సిటీకి పోవాలనే బయంతో చెప్తా ఉండావు" అన్నాడు. అన్న అనుమానం నాకు కోపం తెప్పించలేదు. పొద్దున నన్ను నమ్మడానికి ఎంత బలం వాడాడో ఇప్పుడు నమ్మకపోవడానికీ అంతే వాడుతున్నాడు. చేతి గ్రైండరూ, ఒక ఇనుప యాంగిల్ ముక్కా సంచిలో వేసుకుని, అన్నను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని మళ్లీ తిరుపతి వచ్చాను.

బోల్టుల పెద్దాయన షాపులో డిస్కుల పెట్టెలన్నీ తాళ్లు కట్టి, చిత్తూరు లారీకి సిద్ధంగా గుమ్మం పక్కన పేర్చి ఉన్నాయి. "అవి ఇప్పండి పెద్దాయనా, నాకు కావాల" అన్నాను. ఆయన పెట్టెలకు అడ్డంగా నిలబడ్డాడు. "తప్పు పాపా. తెలిసి తెలిసి నీకు బీట సరుకు ఇచ్చేదానికి నాకు మనసు రాదు. రేప్పొద్దన ఏమన్నా అయితే మీ మామకు ఏం జెప్పేది?" అన్నాడు. దోమతెర సంగతి చెప్పాను. విరిగిన ముక్క చూపించాను. ఆయన చూసి, "నువ్వు సిన్నపిల్లవు, నీ చెవి పెద్దది. నేను చెవినే నమ్ముతా" అన్నాడు. నా మాటకూ నా చెవికీ పోటీ వచ్చింది, నా చెవే గెలిచింది. పైపుల అన్న పరుగున వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు. పొద్దుటి కుళాయి ఆయన కూడా అక్కడే ఉన్నాడు. ఆయనకు ఇంకా మంచి కుళాయి దొరికినట్టు లేదు.

"కోసి చూపిస్తా" అన్నాను. "అన్నా, పట్టు."

అగ్గిపెట్టన్న రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నాకు ఇద్దరు పిలకాయలు ఉండారు పాపా" అన్నాడు మర్యాదగా.

ఇంక నేనే. మామ నాకు తుక్కు ముక్కల మీద గ్రైండర్ పట్టడం నేర్పించాడు కానీ, తుక్కు ముక్కలు చూస్తూ నిలబడవు, వీధి నిలబడుతుంది. కళ్లద్దాలు పెట్టుకున్నాను. పెట్టె తాడు కోసి ఒక డిస్కు తీసి, అంచు చూసి, తేదీ చూసి, వేగం చూసి (ఈసారి కంటితో), బిగించాను. డిస్కుకు అడ్డంగా ఉండే రేకు గార్డు సరిచేసుకున్నాను. షాపు గుమ్మంలో వైరు తగిలించాను. కొత్త డిస్కును ముందు దేనికీ తాకించకుండా, దానికి ఎదురుగా నిలబడకుండా, కాసేపు ఊరికే తిప్పి చూడాలని మామ చెప్పిన మాట గుర్తొచ్చింది. స్విచ్ వేశాను. గ్రైండర్ అరిచింది. ఊరికే తిప్పుతున్నానని వాళ్లకు తెలియదు, అది పగలడానికి మొహమాటపడుతోందనుకున్నారు. పెద్దాయన స్తంభం వెనక్కి వెళ్లాడు. పైపుల అన్న పెద్దాయన వెనక్కి వెళ్లాడు. నేను కూడా ఎక్కడికన్నా వెళ్దామనుకున్నాను కానీ, బస్సు గుర్తొచ్చి నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణం నాకూ అనుమానం వచ్చింది. వల సంగతి నేను అనుకున్నది. చెవి సంగతి వీధి మొత్తం అనుకున్నది. అయినా డిస్కు తొణక్కుండా తిరుగుతోంది, చేతికి వణుకు రావడంలేదు. యాంగిల్ ముక్కను కాలి కింద అదిమిపెట్టి, డిస్కును ఆనించాను. నిప్పురవ్వలు గుమ్మం దాకా తోరణం కట్టాయి. ముక్క తెగి ఠంగుమని నేల మీద పడింది.

ఆపాను. డిస్కు చెక్కు చెదరలేదు. కళ్లద్దాలు తీసి, చల్లారాక దాన్ని విప్పి, వేలికి తగిలించి, అందరి ముందూ తట్టాను. టప్.

స్తంభం వెనక నుంచి పెద్దాయన తల బయటికి వచ్చింది. "టప్ అన్నా కోసింది" అన్నాడు. తర్వాత ఇంకొంచెం ఆలోచించి, "అంటే పొద్దన్నించి మనమంతా...?" అని ఆపేశాడు. పైపుల అన్న తన పెట్టెల తాళ్లు విప్పడానికి పరుగెత్తాడు. కుళాయి ఆయన మెల్లగా కౌంటర్ దగ్గరికి పోయి, పొద్దున వద్దన్న కుళాయిని తీసి సంచిలో వేసుకున్నాడు.

ఆ మాపటికి అగ్గిపెట్టన్న నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టి, "ఆ వంపు నువ్వే కొయ్యి పాపా, ఊరి ముందర కోసినావు, నా ముందర కొయ్యలేవా" అన్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి రంగు పడింది. గురువారం పొద్దువాలేటప్పటికి గేటు మండపం ముందు నిలబడింది. మగపెళ్లివాళ్ల వ్యాను హారన్ కొట్టింది, అగ్గిపెట్టన్న పెళ్లి తనదే అన్నంత దర్జాగా గేటు తీశాడు.

మామ సూళ్లూరుపేట నుంచి నేరుగా మండపానికి వచ్చాడు. అమ్మా అవ్వా కూడా వచ్చారు, అమ్మ చేతిలో నా సర్టిఫికెట్ల సంచి ఉంది. మామకు సంగతంతా తెలుసు. పెద్దాయన ఫోన్ చేసి చెప్పాడు. మామకు వినిపించేట్టు చెప్పాలి కాబట్టి తిరుపతి వీధిలో సగం మందికీ, మామ తిరిగి అడగాలి కాబట్టి సూళ్లూరుపేటలో సగం మందికీ నా చరిత్ర తెలిసిపోయింది. అవ్వ ముందు గేటు దగ్గరికి పోయి మెటికలతో ఒక్కటి తట్టింది. గేటు ఖంగుమంది. పెళ్లివాళ్లు కూడా ఇటు చూశారు. అవ్వ తల ఊపి, నా వైపు తిరిగి, "కుండను తట్టేది నేర్పించినా గానీ, విస్తరాకును తట్టమని ఎప్పుడన్నా చెప్పినానా మే" అంది.

అమ్మ సర్టిఫికెట్ల సంచి ఇంకా వదల్లేదు. "రేపు పొద్దన్నే బస్సు" అంది, కొంచెం నెమ్మదిగా.

"గేటు నిలబడింది చెల్లా. మాట మాటే" అన్నాడు మామ, మండపం మొత్తం వినేట్టు. "అయినా ఈ పిల్లను ఆడికి పంపితే ఏమైతాది? ఒక్కొక్క ఫోన్నూ తట్టి, మోగలేదని తిప్పి పంపతాది. కంపెనీ మూతపడతాది. ఆ బస్సులో పోయే పిలకాయల ఉసురు మనకెందుకు?"

అమ్మ నవ్వు ఆపుకోవాలని చూసి, ఆపుకోలేకపోయింది. సంచి అవ్వ చేతికి ఇచ్చి, నా చెంప మీది మసిని కొంగుతో తుడిచింది. అది పోలేదు, ఇంకాస్త పరుచుకుంది.

ఇప్పుడు ఆ షెడ్డు నేను చూసుకుంటున్నాను. మామ కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లకు గట్టిగా సలహాలు ఇస్తుంటాడు. గేటు నిలబడిన మర్నాడే మామ అందరికీ గ్రైండర్ మోత దూరకుండా చెవుల్లో పెట్టుకునే బుడిపెలు కొనుక్కొచ్చాడు. "నీ చెవి నీదొక్కదాందే కాదు, షెడ్డుది" అన్నాడు. అందువల్ల నా చెవులు ఇంకా బాగానే ఉన్నాయి. పోయింది వేరే. ఊరి సరుకంతా తప్పు, నా చెవి ఒక్కటే ఒప్పు అని నడివీధిలో నిలబడి చెప్పగలిగిన ఆ పిల్ల ఎక్కడికి పోయిందో తెలియదు. ఈమధ్య వంకాయలు ఎంచడానికి కూడా పక్కన ఉన్నావిడను ఒకమాట అడుగుతున్నాను. అప్పుడప్పుడూ ఆ పిల్ల మీద బెంగగా ఉంటుంది.

అట్లా అనిపించినప్పుడు బోల్టుల పెద్దాయన షాపుకు వెళ్తాను. ఆయన జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూడగానే డిస్కుల పెట్టె ముందర పెడతాడు, పెట్టె పక్కన ఒక చెక్కపిడి స్క్రూడ్రైవర్ పెడతాడు. నేను ఒక డిస్కు వేలికి తగిలించి, ఒక్కటి తట్టుతాను.

టప్.

మంచి కచేరీ వింటున్నట్టు ఇద్దరం తలలు ఒకవైపు వంచి వింటాం.

"యెట్ల ఉండాది పాపా?" అంటాడు. (నా తలలో తెల్లవెంట్రుకలు ఆయనకు లెక్కలేదు.)

"శానా బాగుండాది పెద్దాయనా" అంటాను. "కట్టండి."